పెత్తనమూ పెద్దరికమూ



కొన్నేళ్ల కిందట ఒక సోమవారం ఉదయం మా పశువుల ఆసుపత్రి మెట్ల మీద పెద్ద గలాటా జరిగింది. ముప్పై అయిదేళ్ల మనిషి, మంచి కండపుష్టి ఉన్నవాడు, రెండు చేతులా చైను పట్టుకుని వెనక్కి వాలిపోయి నిలబడ్డాడు. చైనుకు అటు చివర రాట్‌వైలర్. తర్వాత తూకం వేస్తే 52 కిలోలు తేలింది. ఈయన "ఆగరా! ఆగమంటుంటే నీక్కాదూ!" అని అరుస్తున్నాడు. అది ఆయన్ని మెట్లెక్కించి లాక్కొస్తోంది. ఎవరు ఎవరిని ఆసుపత్రికి తీసుకొచ్చారో చెప్పడం కష్టంగా ఉంది.

అంతలో ఆటోలోంచి వాళ్లమ్మగారు దిగారు. డెబ్బై దాటిన మనిషి, కుక్కకంటే తేలిగ్గా ఉంటారు. చేతిసంచీ మోచేతికి తగిలించుకుని, తీరిగ్గా వచ్చి, కొడుకు చేతిలోంచి చైను అందుకున్నారు. లాగలేదు, గొంతు పెంచలేదు. "ఉండు" అన్నారు. అది ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, అక్కడే, ఆ మెట్టు మీదే కూర్చుంది.

"ఏం చేశారమ్మా?" అని అడిగాను నేను.

"ఏముంది బాబూ, రోజూ దానికి అన్నం పెట్టేది నేనేగా. అది కూర్చునేదాకా గిన్నె కింద పెట్టను. వాడైతే ఒక రోజు ముద్దు చేస్తాడు, ఒక రోజు కొడతాడు. దానికేం తెలుస్తుంది చెప్పు?"

నేను బలమైన కుక్కల గురించి పుస్తకాలు చాలానే చదివాను. ఆ రెండు మూడు మాటల్లో ఆవిడ చెప్పినదానికంటే ముఖ్యమైన సంగతి వాటిలో నాకు కనిపించలేదు. ఇవాళ నేను మీతో మాట్లాడబోయేదంతా ఆ మాటలకు వ్యాఖ్యానమే.

మన భాషలో రెండు మాటలున్నాయి. ఒకటి పెత్తనం, రెండోది పెద్దరికం. పుట్టుక చూస్తే దగ్గరి చుట్టాల్లాగే ఉంటాయి గాని, వాటి మధ్య దూరం చాలా ఉంది. పెత్తనం చేసేవాడు తన మాట నెగ్గిందా లేదా అని చూసుకుంటాడు. పెద్దరికం ఉన్నవాడు ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారా అని చూసుకుంటాడు. పెత్తనానికి అరుపు కావాలి, పెద్దరికానికి అక్కర్లేదు. యాభై కిలోల కుక్క ముందు పెత్తనం ఎన్నాళ్లో నిలవదు. ఎందుకంటే బలంలో అది మనకంటే పైచేయి. ఆ సంగతి దానికి తెలియనంత కాలమే మన ఆట సాగుతుంది.

అసలు ఈ కుక్కలకు ఇంత బలం ఎందుకు వచ్చిందో ఒకసారి చూద్దాం. రాట్‌వైలర్‌కు ఆ పేరు జర్మనీ దక్షిణాన ఉన్న రాట్‌వైల్ అనే పట్టణం వల్ల వచ్చింది. అక్కడి మాంసం వర్తకులు పశువులను తోలుకుపోవడానికి, బళ్లు లాగించడానికి దీన్ని పెంచారు. అంటే ఇది పుట్టుకతో మన ఎద్దు పనీ, పాలేరు పనీ కలిపి చేసిన జీవి. డాబర్‌మాన్‌ను తయారు చేసినాయన పేరు కార్ల్ ఫ్రీడ్రిష్ లూయీ డాబర్‌మాన్. 19వ శతాబ్దం చివర అపోల్డా అనే ఊళ్లో పన్నులు వసూలు చేసేవాడు. డబ్బుతో తిరిగే మనిషికి తోడుగా ఉండి, ఎవరైనా మీదికొస్తే నిలబడే కుక్క కావాలనుకున్నాడు. జర్మన్ షెపర్డ్ పేరులోనే గొర్రెల కాపరి ఉన్నాడు. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే సైనికాధికారి దానికి ఒక సంఘం పెట్టి, జాతిని స్థిరపరిచాడు. ఇప్పుడు మన భద్రతాదళాల్లో ఎక్కువగా కనిపించే మాలినోయా బెల్జియం గొర్రెల కాపరుల కుక్క.

మన పక్కనే చూసుకుంటే, తమిళనాడు రాజపాళయం, కోంబై జాతులు కాపలాకూ వేటకూ పెట్టింది పేరు. కర్ణాటక ముధోళ్ వేటకుక్క పరుగుకు పేరు మోసింది. రాజపాళయానికీ ముధోళ్‌కూ 2005లో మన తపాలా శాఖ బిళ్లలు కూడా వేసింది.

ఈ చిట్టా ఎందుకు చదివానంటే, వీటిలో ఏదీ మూడో అంతస్తు ఫ్లాటులో బాల్కనీ చువ్వల్లోంచి రోడ్డు చూస్తూ కూర్చోవడానికి పుట్టలేదు. ప్రతిదీ ఒక పనితో పుట్టింది. మనం కుక్కను కొంటాం, దాని పనిని మాత్రం ఇంటికి తీసుకురాం. పని లేని బలం ఏం చేస్తుంది? సోఫా చింపుతుంది, గేటు దగ్గర ప్రతి సైకిలు మీదికీ ఎగురుతుంది. మనం దానికి పొగరు అని పేరు పెడతాం. చాలాసార్లు అది నిరుద్యోగం.

ఇక పొగరు అన్నాం కాబట్టి, దాని వెనకున్న ఒక పాత పొరపాటు గురించి చెప్పాలి. "కుక్కకు నువ్వే నాయకుడివని చూపించాలి, లేకపోతే అది నీ మీద నాయకత్వం చేస్తుంది. అందుకని వెల్లకిలా పడదోసి, గొంతు పట్టి, లొంగేదాకా వదలకూడదు" అని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ ఆలోచన తోడేళ్ల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండ్‌లో బాసెల్ జంతుప్రదర్శనశాలలోని తోడేళ్లను గమనించి రాశాడు. ఒకచోట బంధించిన తోడేళ్లు పైచేయి కోసం కొట్టుకుంటూ కనిపించాయి. 1970లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మెక్ తోడేళ్ల మీద రాసిన పుస్తకం ఆ మాటను లోకమంతా పాకించింది. గుంపులో గెలిచినదే నాయకుడు అన్నది శిక్షకులకు వేదవాక్యమైపోయింది.

తర్వాత ఆ మెక్ గారే కెనడా ఉత్తరపు కొసన ఎల్స్‌మియర్ దీవిలో ఏటా వేసవిలో ఉంటూ, అడవి తోడేళ్లను దగ్గరగా చూశాడు. అక్కడ కొట్లాటల రాజ్యం లేదు. ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ల పిల్లలు, కిందటేడు పుట్టిన పెద్దపిల్లలు. గుంపంటే కుటుంబం. నాయకులంటే అమ్మానాన్నలు. ఆ సంగతి 1999లో పరిశోధన వ్యాసంగా రాశాడు. తన పాత పుస్తకం ఇక అచ్చు వేయవద్దని ప్రచురణకర్తలను తనే కోరాడు. తన మాట తప్పని తనే ఒప్పుకోవడం, చూడండి, అదీ పెద్దరికమే.

సంక్రాంతి ముందు రోజు రైల్లో జనరల్ పెట్టె ఎక్కి, అక్కడ సీటు కోసం జరిగే తోపులాట చూసి, "తెలుగువాళ్ల కుటుంబాలు ఇలా ఉంటాయి" అని రాస్తే ఎలా ఉంటుంది? ముక్కూ మొహం తెలియని తోడేళ్లను ఒక దొడ్లో వేసి చేసిన సిద్ధాంతమూ అంతే. దాన్ని తెచ్చి మన ఇంట్లో కుక్కపిల్ల మీద అమలు చేశాం.

అమలు చేస్తే ఏమవుతుందో లెక్క కూడా ఉంది. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్క ప్రవర్తన బాగాలేదని తమ దగ్గరికి వచ్చిన యజమానులను, అంతకుముందు మీరేం చేసి చూశారని అడిగారు. కొట్టడమో తన్నడమో చేసి చూసినవాళ్లలో వందకు 43 మంది మీద కుక్క ఎదురు తిరిగింది. వెల్లకిలా పడదోసి పట్టుకున్నవాళ్లలో వందకు 31 మంది మీద. కళ్లలోకి గుచ్చి చూసి బెదిరించినవాళ్లలో వందకు 30 మంది మీద. దండం దశగుణం అంటారు. ఆ పది గుణాల్లో తిరగబడటం కూడా ఒకటని ఎవరూ చెప్పలేదు.

ఇది పడమటి దేశాల కొత్త సంగతి అనుకోకండి. నన్నయగారి భారతం తెరిస్తే ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడుపు వినిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తున్నాడు. సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అక్కడికి వెళ్లాడు. రాజు తమ్ముళ్లు వాణ్ణి కొట్టి తరిమారు. వాడు వెళ్లి తల్లితో చెప్పుకున్నాడు. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి నిలబడింది. తప్పు చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని అడిగింది. కారణం కనిపించని భయాలు మిమ్మల్ని పట్టుకుంటాయి అని చెప్పి వెళ్లిపోయింది.

చిన్నప్పుడు నాకు ఈ శాపం అర్థమయ్యేది కాదు. రాజ్యం పోవాలి, తల పగలాలి అనాలి గాని, కారణం లేని భయమేమిటి? పశువైద్యుడినయ్యాక అర్థమైంది. కుక్క పొద్దున చెప్పు కొరికింది. మీరు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చూసి, కొట్టారు. దానికి చెప్పూ గుర్తులేదు, పొద్దుటి ముచ్చటా గుర్తులేదు. దానికి తెలిసిందల్లా ఒకటే: ఈయన గుమ్మంలోకి వచ్చాడు, నొప్పి పుట్టింది. రేపటి నుంచి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే ఒణుకుతుంది. అది కారణం కనిపించని భయం. కొన్నాళ్లకు, ఏ కారణమూ లేకుండా, అంటే మనకు కనిపించే కారణమేదీ లేకుండా, ఒకనాడు కరుస్తుంది. అప్పుడా భయం మనల్ని పట్టుకుంటుంది. సరమ శాపం పాపం ఎవరినీ వదల్లేదు.

కుక్క ఊరికే కరవదు. ముందు చెబుతుంది. మనకు వినడం రాదు. తల పక్కకు తిప్పుతుంది. నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది. ఎదురుగా తిండి లేకపోయినా పెదవులు నాకుతుంది. తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పడంతో కంటి తెలుపు అర్ధచంద్రంలా కనిపిస్తుంది. తర్వాత ఒళ్లంతా కొయ్యబారుతుంది. తర్వాత గుర్రుమంటుంది. ఇన్ని మెట్లు ఎక్కాక, ఇంకా ఎవరూ వినకపోతే, అప్పుడు పళ్లు.

మనమేం చేస్తాం? గుర్రుమన్నందుకు కొడతాం. రెండు మూడు సార్లు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది. భయం మాత్రం మానదు. ఊళ్లో చోరభయం పోవాలని కాపలావాడి నోరు కుట్టేసినట్టు ఉంటుంది ఈ పని. గుర్రుమంటే కోప్పడకండి, ఉన్నచోటు నుంచి మెల్లిగా వెనక్కి తగ్గండి, దేనికి అన్నదో తర్వాత ఆలోచించండి. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి మా దగ్గరికి కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్లున్నారు, మాది మనుషుల ఆసుపత్రి కాదని చెప్పి పంపాల్సి వచ్చింది. తోక ఊపినంత మాత్రాన స్నేహమనీ అనుకోవద్దు. ఒళ్లంతా వదులుగా, నడుము కూడా ఊగుతూ ఊపితే స్నేహం. తోక పైకెత్తి, కర్రలా బిగించి, చిన్నగా ఆడిస్తుంటే జాగ్రత్త.

ఇప్పుడు అసలు పనిలోకి వద్దాం. ఇంటికి ఒక బలమైన కుక్కపిల్ల వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట వయసు. మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ ఎనిమిది వారాలూ తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య అది నేర్చుకునే పాఠం ఒకటుంది. గట్టిగా కొరికితే ఆట ఆగిపోతుంది. ఆ పాఠం మనం చెప్పలేం. ఇక అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను పెంచి చూసి, 1965లో పుస్తకంగా రాసిన సంగతి మరొకటుంది. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా పిల్ల మనసు తలుపులు బార్లా తీసి ఉంటాయి. ఆ రోజుల్లో చూసినవన్నీ లోకంలో మామూలే అనుకుంటుంది. తర్వాత ఆ తలుపులు మెల్లిగా మూసుకుంటాయి.

అంటే మీ రాట్‌వైలర్ పిల్ల ఆ వారాల్లో గొడుగు వేసుకున్న మనిషిని, కర్ర పట్టుకున్న తాతగారిని, హెల్మెట్ పెట్టుకున్న కుర్రాణ్ణి, కుక్కర్ ఈలను, పెళ్లి బ్యాండును, పారాడే పసిబిడ్డను, పాలవాణ్ణి, గంగిరెద్దును, అన్నీ చూసి ఉండాలి. టీకాలు పూర్తి కాలేదు కదా, పార్వో జబ్బు సోకితే ఎలా అంటారు. నిజమే. కాబట్టి నేల మీద వదలకండి, చంకన ఎత్తుకుని చూపించండి. వీధి అరుగు మీద ఒళ్లో కూర్చోబెట్టుకుని అరగంట జనాన్ని చూపించినా చదువే.

రెండోది మాట. మన ఇళ్లలో ఒక తమాషా ఉంది. కుక్క రాగానే అందరికీ ఇంగ్లీషు వచ్చేస్తుంది. "సిట్, కమాన్, నో" అంటాం. పోనీ, అదైనా అందరూ ఒకేలా అంటారా? అబ్బాయి "సిట్" అంటాడు. వాళ్లమ్మ "కూర్చోరా నాన్నా" అంటుంది. నాన్నగారు "కూర్చుంటావా, రెండు తగిలించమంటావా" అంటారు. మనకిది ఒక మాట, కుక్కకు మూడు. ఏ భాషైనా ఫరవాలేదు. ఇంటిల్లిపాదీ ఒక కాగితం మీద అయిదారు మాటలు రాసి ఫ్రిజ్‌కు అంటించుకోండి: కూర్చో, ఉండు, రా, వదులు, నీ చోటుకు పో. ఒక్కసారే అనండి. పదిసార్లు "రా రా రా" అంటే, పదోసారికి వెళ్తే చాలని అది నేర్చుకుంటుంది.

మూడోది తాయిలం. ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్క, కోడిగుడ్డు ముక్క, ఏదైనా సరే. అడిగిన పని చేసిన మరుక్షణం అందాలి, ఒక్క సెకను లోపల. లేచి వంటింట్లోకి వెళ్లి తెచ్చేసరికి దేనికిచ్చారో దానికి తెలియదు. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ పెట్టకండి, అవి కుక్కకు విషం. తాయిలం లంచం కాదా అని కొందరు అడుగుతారు. పని ముందు చూపించి బతిమాలితే లంచం. పని అయ్యాక ఇస్తే జీతం. మన హైదరాబాద్ దగ్గర మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. అక్కడ కుక్కా, దాని హ్యాండ్లరూ కలిసి నెలల తరబడి తయారవుతారు. పేలుడు పదార్థం వాసన పట్టే జాగిలానికి దొరికే జీతం సాధారణంగా ఏమిటో తెలుసా? ఒక బంతి. పసిగట్టి కూర్చుంటే బంతి విసురుతారు. మన ప్రాణాలు కాపాడే అంత పెద్ద పని దాని దృష్టిలో ఒక ఆట.

నాలుగోది, మామ్మగారు చెప్పిన గిన్నె. గిన్నె కింద పెట్టేముందు కూర్చోవాలి. గేటు తీసేముందు కూర్చోవాలి. చైను తగిలించేముందు కూర్చోవాలి. అరవక్కర్లేదు. అది ఎగిరితే మీరు గిన్నె పైకెత్తి ఊరుకోండి. కూర్చోగానే దించండి. పది రోజుల్లో కుక్కకు ఒక సూత్రం దొరుకుతుంది: ఎగబడితే ఆగిపోతుంది, ఓపిక పడితే అందుతుంది. బలమైన కుక్కకు ఇంతకంటే పెద్ద చదువు లేదు. తింటున్నప్పుడు మాత్రం గిన్నెలో చెయ్యి పెట్టి "నాది" అని నిరూపించకండి. మీ విస్తట్లో ఎవరైనా చెయ్యి పెడితే మీకెలా ఉంటుంది? అటుగా వెళ్తూ ఇంకో ముక్క గిన్నెలో వేసి సాగిపోండి. మనిషి దగ్గరికొస్తే కూడు పెరుగుతుందే గాని తరగదని తెలిస్తే, అది కాపలా కాయడం మానేస్తుంది.

అయిదోది నడక. చైను బిగిసిందా, మీరు ఆగిపోండి, చెట్టులా. వదులు కాగానే మళ్లీ నడవండి. మొదటి వారం వీధి చివరకు వెళ్లడానికి అరగంట పడుతుంది, సిగ్గుపడకండి. మెడకు బిగిసే గొలుసు కంటే ఛాతీ దగ్గర తగిలించే హార్నెస్ మేలు. మన ఎండల్లో తెల్లవారుజామునో పొద్దుగూకాకో వెళ్లండి. అరచేతి వెనకభాగం తారురోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. నడక ఒక్కటే చాలదు. ముక్కుకు పని పెట్టండి. పాత దుప్పటి మడతల్లో, డాబా మీద పూలకుండీల వెనక తాయిలాలు దాచి వెతికించండి. పావుగంట వెతుకులాటకు అలసిపోయి పడుకుంటుంది.

ఆరోది, కట్టేయడం. పగలంతా గేటు దగ్గర కట్టేస్తే బాగా కాపలా కాస్తుందని మన పెద్దల నమ్మకం. పారిపోయే దారి లేని జీవికి మిగిలేది పోట్లాటే. రోజంతా కట్టు మీద ఉన్న కుక్క కాపలాదారు కాదు, ఖైదీ. కాపలా కాయడమంటే ఎవరు మనవాళ్లో ఎవరు కాదో తెలుసుకోవడం. మనుషుల మధ్య తిరిగితేనే కదా తెలిసేది!

పిల్లల సంగతి వేరే చెప్పాలి. పసిబిడ్డ ముఖం సరిగ్గా పెద్దకుక్క నోటి ఎత్తులో ఉంటుంది. ఎంత మంచి కుక్కైనా, ఎంత బుద్ధిమంతుడైన బిడ్డైనా, పెద్దవాళ్లు ఎదురుగా లేకుండా ఇద్దర్నీ ఒక గదిలో వదలొద్దు. నిద్రపోయే కుక్కను, తినే కుక్కను, పిల్లలున్న తల్లికుక్కను తాకకూడదని పిల్లలకు అక్షరాలతో పాటే నేర్పండి.

ఇంతవరకు చెప్పినవి చేతులతో చేసే పనులు. వీటన్నిటి కింద ఒక పునాది ఉంది, దాన్ని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

మాది ఒంగోలు ప్రాంతం. మా నాన్న కోడెలను కాడి మప్పేవాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చి అప్పగించేవాళ్లు. మూపురం ఊగించుకుంటూ వచ్చే కోడె ముందు ఆయన పిడికెడు మనిషి. మొదట కొన్నాళ్లు కాడి మెడ మీద ఊరికే పెట్టి తీసేసేవాడు. తర్వాత ఒక ముసలి ఎద్దు పక్కన జత కట్టేవాడు. ఆ ముసలిది తన పని తాను చేసుకుపోయేది, కోడె దాన్ని చూసి సర్దుకునేది. తర్వాత ఇసుకలో చిన్న దుంగ లాగించడం, తర్వాత ఖాళీ బండి, ఆఖరికి నాగలి. సాయంత్రం గంగడోలు నిమురుతూ చాలాసేపు కూర్చునేవాడు. ఎప్పుడైనా ఇంట్లో గొడవపడో, అప్పులవాడి మాటలు పడో వచ్చిన రోజున కోడె దగ్గరికి వెళ్లేవాడు కాదు. "ఇవాళ వద్దులే, మనసు బాగాలేదు" అనేవాడు. మనసు ఆయనది కదా, దానికీ ఎద్దుకూ ఏమిటి సంబంధం అనుకునేవాణ్ణి.

సంబంధం పగ్గంలో ఉంది. కుక్కకు ఎద్దుకున్నట్టు ముక్కుతాడు కూడా లేదు, కాబట్టి ఇంకా ఎక్కువగా ఉంది. ఎదురుగా ఇంకో కుక్క వస్తోంది. మీకు భయం వేసింది. తెలియకుండానే ఊపిరి బిగబట్టారు, చైను కురచ చేశారు, గొంతు సన్నబడింది. మీ కుక్కకు అదంతా ఒక్క మాటగా వినబడుతుంది: "అదిగో, ప్రమాదం!" ఇంకేముంది, అది దూకుతుంది. మీరు తిడతారు. మీరే కదా చెప్పింది అనుకుంటుంది అది. అలాంటప్పుడు ఊపిరి వదలండి. భుజాలు దించండి. చైను చేతిలో కొంచెం వదులుగా ఉంచి, వంపు తిరిగి పక్కకు నడవండి. దూరం పెంచడం ఓటమి కాదు. ధైర్యంగా ఉండటమంటే గద్దించడం అనుకుంటాం. తొందరపడకపోవడమే కుక్క కంటికి ధైర్యంగా కనిపిస్తుంది.

ఇంట్లో కుక్క ఇప్పటికే చెయ్యి దాటిపోయిందనుకోండి. ముందు పశువైద్యుడికి చూపించండి. తుంటి నొప్పి, చెవి పోటు, పంటి బాధ కోపంగా బయటపడుతుంటాయి. రాట్‌వైలర్, షెపర్డ్ లాంటి పెద్ద జాతులకు తుంటి కీలు జబ్బు మామూలు. జబ్బు లేదని తేలితే, కొట్టకుండా నేర్పే శిక్షకుణ్ణి వెతకండి. మీ ఎదుట కాకుండా, నెల రోజులు తన దగ్గర వదిలితే బాగుచేసి ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి. నేర్చుకోవలసింది ఇద్దరు కదా. బయటికి తీసుకెళ్లేటప్పుడు మూతికి బుట్ట కట్టండి. కుప్ప నూర్చేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతాం, ఎద్దుకు అవమానమా అది? బుట్టలో తాయిలం పెట్టి, మూతి తనంతట తాను దూర్చేలా నాలుగు రోజులు అలవాటు చేస్తే హాయిగా వేసుకుంటుంది.

ఎవరికైనా పన్ను తగిలితే గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. టీకాలు వేసిన కుక్కైనా సరే, వెంటనే ఆసుపత్రికి వెళ్లి డాక్టరు చెప్పినట్టు రేబిస్ సూదులు పూర్తిగా వేయించుకోవాలి. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, తర్వాత ఏటేటా మరొకటి. మన కుక్క వల్ల మనుషులకు హాని జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ రాట్‌వైలర్‌తో సహా 23 రకాల కుక్కల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు, సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ ఆ ఉత్తర్వును కొట్టేశాయి. కోర్టుల్లో ఏ జాతి గెలిచినా, వీధిలో బాధ్యత మాత్రం చైను పట్టుకున్న చేతిదే.

అందుకే కొనబోయేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. పన్నెండేళ్ల పాటు రోజుకు రెండు గంటలు దీనికి ఇవ్వగలనా? ఇవ్వలేనంటే అందులో చిన్నతనమేమీ లేదు. వీధిలో పుట్టిన పిల్ల ఒకటి మీ అరుగు మీద ఇప్పటికే తోక ఊపుతూ ఉండొచ్చు.

మళ్లీ ఆ రాట్‌వైలర్ దగ్గరికి వస్తాను. మూడు నెలల తర్వాత టీకాకు వచ్చారు. ఈసారి మామ్మగారు లేరు, కొడుకొక్కడే. సరిగ్గా మెట్ల దగ్గరకు వచ్చేసరికి ఒక వీధికుక్క ఎదురైంది. రాట్‌వైలర్ బిగుసుకుంది. ఆయన పిడికిళ్లు కూడా బిగుసుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అయిపోయింది, మళ్లీ పాత కథే అనుకున్నాను. ఆయన ఒకసారి ఊపిరి వదిలాడు. చైను కొంచెం వదిలాడు. "ఉండు" అన్నాడు. అచ్చం వాళ్లమ్మ గొంతులాగే.

అది వెంటనే కూర్చోలేదు. వీధికుక్క మలుపు తిరిగేదాకా నిలబడే ఉంది. ఆయన రెండోసారి అనలేదు. తొందరపడలేదు. ఎండలో, మెట్ల కింద, దాని పక్కనే ఊరికే నిలబడ్డాడు. కాసేపటికి అది ఆయన వైపు తల తిప్పి చూసి, కూర్చుంది. ఆయన జేబులోంచి ఏదో తీసి దాని నోటికి అందించాడు. తర్వాత ఇద్దరూ పక్కపక్కనే మెట్లెక్కి వచ్చారు.